తెర మీది అడవిలో చేను లేదు

2022 మార్చి చివర్లో 'ఆర్‌ఆర్‌ఆర్' వచ్చినప్పుడు మా యాడిని వెంటబెట్టుకుని బాన్సువాడ పోయాను. మాది నస్రుల్లాబాద్ మండలంలో ఒక తండా. యాడి సినిమాహాలు మెట్లెక్కి చాలా ఏళ్ళయింది. కొమురం భీం బొమ్మ అంటే మాత్రం వస్తానంది. సినిమా మొదలై పది నిమిషాలు కూడా కాలేదు, నా చెవి దగ్గరికి వంగి మా బోలిలో అడిగింది: "వీళ్ళకు చేన్లు లేవా బేటా? మరి ఏం తింటరు?"

అప్పుడు తెర మీద ఉన్నది ఆదిలాబాద్ అడవి. మల్లి అనే గోండు పిల్ల దొరసాని చేతి మీద బొమ్మ గీస్తూ పాట పాడుతుంది. తల్లి ముందర రెండు నాణేలు పడతాయి. పాటకిచ్చిన బహుమానమని తల్లి సంబరపడుతుంది. అవి బిడ్డ వెల అని తెలిసేసరికి బిడ్డ బండిలో ఉంటుంది. హాలంతా గొల్లుమంది. నా కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. యాడి ఏడవలేదని కాదు. ఏడుస్తూనే ఆ ప్రశ్న అడిగింది. ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ముందే ఒక మాట ఒప్పుకోవాలి. 'ఆర్‌ఆర్‌ఆర్' చరిత్ర కాదు, కల్పన అని దర్శకుడు రాజమౌళి మొదటినుంచీ చెబుతూనే వచ్చాడు. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం జీవితంలో కలుసుకోలేదు. కలుసుకుంటే ఎట్లా ఉండేదో ఊహించే హక్కు కళాకారుడికి ఉంది. మన తాతలు పాడిన కథల్లో మాత్రం ఊహ లేదా? కాబట్టి 'ఇది నిజం కాదు' అని కొట్టివేయడం విమర్శ కాదు. ఊహకు ఒక అడవి కావలసి వచ్చినప్పుడు ఎలాంటి అడవిని తెచ్చుకుంది, అందులోంచి ఏం తీసేసింది అని అడగడమే విమర్శ.

తీసేసినవాటిలో మొదటిది చేను. జనంలో నిలిచిన భీం జీవితకథను ఒకసారి తలచుకోండి. సంకెపల్లిలో పుట్టాడు. తండ్రి పోయాక కుటుంబం సుర్దాపూర్ వైపు వలసపోయి అడవి కొట్టి చేను చేసుకుంది. పంట చేతికొచ్చే వేళకు, ఆ భూమి తనదంటూ సిద్దిఖ్ అనే పట్టాదారు వచ్చాడు. కొట్లాటలో భీం దెబ్బకు సిద్దిఖ్ చనిపోయాడు. అక్కడినుంచి భీం పరారీ. చంద్రాపూర్‌లో ఒక అచ్చాఫీసులో పని, ఆ తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలి, మళ్ళీ ఆసిఫాబాద్ అడవులకు రాక. చివరికి పన్నెండు గూడేల పోరాటం, 1940లో జోడేఘాట్ దగ్గర మరణం. ఈ కథ మొత్తానికి మూలం ఎత్తుకుపోయిన బిడ్డ కాదు, ఎత్తుకుపోబోయిన పంట. పశువులు మేపితే బంబ్రాం, కట్టెలు తెచ్చుకుంటే దూపపెట్టి, చేను కొడితే కేసు. ఇవీ ఆనాటి బాధలు. సినిమా వీటి స్థానంలో ఒక పాపను పెట్టింది. పాపను ఎత్తుకుపోతే ఎవరైనా ఏడుస్తారు, అందుకు అడవి గురించి ఏమీ తెలిసి ఉండనక్కరలేదు. చేను పోతే ఎందుకు చంపారో, ఎందుకు చచ్చారో అర్థం కావాలంటే మాత్రం అడవి చట్టం తెలియాలి, పట్టా అంటే ఏమిటో తెలియాలి. ఆ కష్టం ప్రేక్షకుడికి లేకుండా చేశారు.

రెండోది రాజ్యం. తెర మీద తెల్ల గవర్నరు ఆదిలాబాద్ అడవిలోకి నేరుగా వచ్చి పిల్లను తీసుకుపోతాడు. కానీ ఆదిలాబాద్ ఏలుబడి నిజాంది. మా నస్రుల్లాబాద్ కూడా అంతే, ఊరి పేరే ఏ కాలంలోనిదో చెబుతుంది. 1798 నుంచి నిజాం కంపెనీ సైన్యం నీడలో బతికాడు, హైదరాబాదులో రెసిడెంటు కూర్చునే ఉన్నాడు, అది నిజమే. అయినా గూడెం మీదికి వచ్చినవాడు తెల్లవాడు కాదు. జంగ్లాత్ చౌకీదారు, అమీను, పట్వారీ, షావుకారు. వాళ్ళ భాష ఉర్దూ, మరాఠీ, తెలుగు. మన్యం సంగతి వేరు. అది మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, తెల్లదొరల కింద. 1839లో ఒక చట్టం చేసి గంజాం, విశాఖ కొండ ప్రాంతాలను మామూలు పాలన నుంచి విడదీసి ఏజెంటు చేతికిచ్చారు. 'ఏజెన్సీ' అన్న మాట అక్కడినుంచి వచ్చి మన నాలుక మీద నిలిచిపోయింది. ఈ రెండు అడవులకు రెండు ఏలుబడులు. సినిమా రెంటినీ కలిపి ఒకే తెల్ల శత్రువు ముందు నిలబెట్టింది. దీంతో లాభపడిందెవరు? పట్వారీ తప్పించుకున్నాడు. షావుకారు తప్పించుకున్నాడు. అంటే మన పక్క ఊళ్ళోనే ఉన్నవాడు తప్పించుకున్నాడు.

ఇక మన్యానికి వద్దాం. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' కృష్ణకు నూరో సినిమా, తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. అందులోని శ్రీశ్రీ పాటకు జాతీయ బహుమతి వచ్చింది. మా తండాకు టీవీ వచ్చిన తొలి రోజుల్లో ఆగస్టు పదిహేనుకు ఆ సినిమా వేస్తే ఒక్క ఇంటి ముందు వంద మంది కూర్చునేవాళ్ళం. నేటికీ ఆ సినిమా చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. నా ఫిర్యాదు వేరు. దాన్ని పదిసార్లు చూసినవాణ్ణి అడగండి, రూథర్‌ఫర్డ్ ఎట్లా మాట్లాడతాడో జగ్గయ్య గొంతుతో అనుకరించి చూపిస్తాడు. గాం గంటందొర ఏం మాట్లాడాడో అడగండి. ఆలోచనలో పడతాడు.

ఆ గంటందొర ఎవరు? మునసబుగా ఉండి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యంలో రోడ్లు వేయిస్తూ కొండవాళ్ళ చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును నేరం చేసింది. తరతరాలుగా ముఠాలను ఏలిన ముఠాదార్ల అధికారం ఊడిపోతూ వచ్చింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి జరిగిందంటే, దాని వెనక ఇంత కడుపుమంట ఉంది. ఆ కడుపుమంట రాజు రాకముందే ఉంది. 1879లో రంప కొండల్లో కారం తమ్మన్నదొర, అమ్మల్‌రెడ్డి, చంద్రయ్య లేచినప్పుడు రాజు పుట్టనే లేదు. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడి, మైదానం వ్యాపారుల కోర్టు డిక్రీలు - ఇవి వాళ్ళను లేపాయి. రాజు గొప్పతనం ఆ మంటను ఒక దారిలో పెట్టడం, తన ప్రాణం దానిలో వేయడం. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ను కాల్చి చంపారు. ఆయన త్యాగాన్ని తగ్గించే అవసరం మనకు లేదు. కాని రాజు రాకపోతే కొండవాళ్ళు నిద్రలోనే ఉండేవాళ్ళన్నట్టు చూపించడం అబద్ధం.

గంటందొర తమ్ముడు మల్లుదొర కథ చూడండి. పట్టుబడ్డాడు, శిక్షపడి అండమాన్ పోయాడు, తిరిగొచ్చాడు. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. తుపాకి పట్టి, కాలాపానీ చూసి, పార్లమెంటులో కూర్చున్న కొండదొర! ఇంతకంటే సినిమా కథ ఏం కావాలి? అయినా మన పెద్ద సినిమాలకు అది కంటికి ఆనలేదు. ఎందుకంటే ఆ కథలో అడవి మనిషి ఎవరి వెనకా నడవడు.

ఈ అలవాటు స్వాతంత్ర్య పోరాట సినిమాలతో మొదలైంది కాదు. 'చెంచులక్ష్మి' 1943లో ఒకసారి, 1958లో ఒకసారి తీశారు. అడవి పిల్ల ఉంటుంది, బయటి నుంచి దేవుడు వస్తాడు, పెళ్ళవుతుంది. ఆ తర్వాత దేవుడి స్థానంలో వీరుడు వచ్చాడు, వీరుడి స్థానంలో అధికారి. 1977లో 'అడవి రాముడు' ఊళ్ళకు ఊళ్ళను ఊపింది. ఎన్టీఆర్ అందులో చివరికి అడవి శాఖ అధికారిగా బయటపడతాడు. చప్పట్లే చప్పట్లు. తెల్లవాళ్ళు 1864లో పెట్టిన శాఖ అది. టేకు రైలు పట్టాలకు, ఓడలకు కావాలి కాబట్టి పెట్టారు. గూడేనికి, తండాకు కాపలాదారు భయం అప్పుడు పట్టుకున్నది. ఆ శాఖ మనిషే అడవి బిడ్డలకు దేవుడై వస్తే, మనమే నేల క్లాసులో కూర్చుని ఈలలు వేశాం. నేనూ వేశాను. అందుకు సిగ్గుపడడం లేదు, పిల్లవాణ్ణి. కాని ఆ చప్పట్లు ఎవరికి కొట్టామో ఇప్పుడైనా తెలుసుకోవాలి.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. చట్టం కనపడదు, చెడ్డవాడు కనపడతాడు. చెడ్డవాడు చస్తే కథ అయిపోతుంది, దీపాలు వెలుగుతాయి, ఇంటికి పోవచ్చు. నిజంలో తెల్లవాడు పోయాడు, ఆయన రాసిపెట్టిన అటవీ చట్టాలు పోలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద తూటాలు పేలినప్పుడు కాల్చింది ఏ దొర పోలీసులు? అడవిలో సాగు చేసుకునేవాడికి హక్కు ఉందని పార్లమెంటు ఒప్పుకోవడానికి 2006 దాకా పట్టింది. ఆ చట్టం వచ్చాక కూడా పోడు పట్టా కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళు మీ గూడెంలో, మా తండాలో లేరా? సినిమా చివర దొర చచ్చినందుకు మనం సంతోషిస్తూ బయటికొస్తే, మన చేను సంగతి మాట్లాడే మనిషి ఎవరూ మిగలరు.

పుస్తకాల సంగతి ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. భీం చనిపోయాక, ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం సర్కారు హైమెండార్ఫ్‌ను అడిగింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండీ నేర్చుకున్నాడు, భూముల సంగతి సర్కారుకు గట్టిగానే రాశాడు. మార్లవాయిలో గోండు పంతుళ్ళకు శిక్షణ పెట్టించాడు. చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజగోండుల మీద ఆయన రాసిన పుస్తకాలు నేటికీ ఆధారం. భార్య ఎలిజబెత్ సమాధి, ఆయన అస్థికలు మార్లవాయిలోనే ఉన్నాయి. అక్కడి జనం ఆయన్ను గౌరవిస్తారు, గౌరవించాలి కూడా. అయినా ఆ పుస్తకాలు ఎవరికోసం రాసినవి? సర్కారు కోసం, విశ్వవిద్యాలయం కోసం. అందులో గోండు వర్ణింపబడతాడు, వర్ణించడు. తిరుగుబాటు ఒక 'సమస్య' అవుతుంది. మంచివాడైనా సరే, బయట నిలబడి చూసే కన్నుకు అంతే దొరుకుతుంది.

మా లంబాడీల విషయంలో ఆ కన్ను మంచిది కూడా కాదు. 1819లోనే జాన్ బ్రిగ్స్ అనే కంపెనీ అధికారి బంజారాల గురించి వ్యాసం అచ్చువేశాడు. దక్కన్ యుద్ధాల్లో సైన్యాలకు ధాన్యం మోసింది మా ఎడ్లే. కంపెనీ సైన్యానికీ మోశాయి. యుద్ధాలు అయిపోయాయి, రైలు వచ్చింది, ఉప్పు బేరం పోయింది. ఎడ్ల మంద మిగిలినవాడిని అనుమానంగా చూడడం మొదలైంది. 1871 నేరస్థ జాతుల చట్టం పుట్టుకనే నేరం చేసింది. 1952లో ఆ చట్టం రద్దయింది, చూపు రద్దు కాలేదు. నిజాం రాజ్యంలో మా వాళ్ళు ఎట్లా బతికారో భంగ్యా భుక్యా పరిశోధించి 2010లో పుస్తకంగా తెచ్చేదాకా, మా గురించి దొరలు రాసిందే చరిత్ర. మన ఇంటివాడు అదే దొరల కాగితాలను తెరిచి, వాటిని ఎదురు ప్రశ్నలతో చదివాడు. కాగితాలు అవే, చదివే మనిషి మారితే చరిత్రే మారింది.

నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో రాసిన తొలి నవల చివర ఒక తెల్ల అధికారి ఉంటాడు. మనం పుస్తకం పొడుగునా వెంట నడిచిన ఒక ఊరి పెద్ద చనిపోతాడు. ఆ చావు తాను రాయబోయే పుస్తకంలో ఒక పేరాకు సరిపోతుందని ఆ అధికారి లెక్క వేసుకుంటాడు. అది చదివిననాడు నాకు నిద్ర పట్టలేదు. మన గంటందొర, మన తమ్మన్నదొర గెజిటీర్లలో ఒక్కొక్క పేరా. అచెబె ఏం చేశాడు? ఆ పేరాను వెనక్కి విప్పి నవల చేశాడు. ఊళ్ళో యాము గడ్డ ఎట్లా నాటుతారో, కోతల పండుగ ఎట్లా చేస్తారో రాశాడు. అంటే మా యాడి అడిగిందే రాశాడు. చేను రాశాడు, తిండి రాశాడు. అల్జీరియా సంగతి ఇంకోటి. ఫ్రెంచి వాళ్ళతో కొట్లాడిన సాదీ యాసెఫ్ తన జ్ఞాపకాలు రాశాడు. వాటి ఆధారంగా 1966లో 'బ్యాటిల్ ఆఫ్ అల్జియర్స్' తీస్తే, అందులో తానే నటించాడు. దర్శకుడు ఇటలీవాడు. బయటివాడు తీయకూడదని ఎవరంటున్నారు? కొట్లాడినవాడు పక్కన ఉండాలి అంటున్నాం, అంతే.

మన దగ్గర అట్లాంటి పని జరగలేదా అంటే జరిగింది. 1980లలో అల్లం రాజయ్య, సాహు గోండు గూడేల్లో తిరిగి, ముసలివాళ్ళ మాటలు విని 'కొమురం భీం' నవల రాశారు. వాళ్ళు గోండులు కారు. కాని అందులో అడవి ఉత్త బొమ్మ కాదు, పన్నులున్న అడవి, పంటలున్న అడవి. అల్లాణి శ్రీధర్ 1990లో భీం మీద సినిమా తీశాడు. అది థియేటర్ల మొహం చూసింది 2010లో. ఇరవై ఏళ్ళు డబ్బాలో ఉన్న సినిమా, విడుదలైన రోజే ప్రపంచమంతా పరుగెత్తిన సినిమా - రెండూ ఒకే మనిషి మీద తీసినవి. జనానికి ఏది చేరాలో ఎవరు నిర్ణయిస్తున్నారో దీన్నిబట్టే తెలుస్తోంది.

'ఆర్‌ఆర్‌ఆర్' చివరి ఘట్టం గుర్తుచేస్తాను. నీకేం కావాలని రాజు అడుగుతాడు. చదువు కావాలంటాడు భీం. రాజు గుడ్డ మీద 'జల్ జంగల్ జమీన్' అని రాసిస్తాడు. హాల్లో చప్పట్లు మోగాయి. నాకు మాత్రం అక్కడ గొంతులో ముల్లు గుచ్చుకుంది. భీం పరారీలో ఉండగా అచ్చాఫీసులో పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని జనం చెప్పుకునే కథ. ఆ నినాదం ఆయన పేరుతో ముడిపడి మన నోళ్ళల్లో బతికింది. తెర మీద అక్షరం ఇచ్చేవాడు వేరు, పుచ్చుకునేవాడు వేరు అయ్యారు. కథలో ఇది చిన్న మార్పే. కాని మన పిల్లలు బళ్ళో కూర్చున్నప్పుడు అది పెద్ద మార్పు. ఆలోచన అటునుంచి రావాలి, బలం మాత్రం మనది అన్న పాఠం అది.

ఇక్కడ నా మీద నాకే ఒక ప్రశ్న ఉంది. నేను లంబాడీని. గోండుల వీరుడి గురించి రాస్తున్నాను. 2017 నుంచి ఆదిలాబాద్‌లో ఆదివాసులకూ మాకూ మధ్య రిజర్వేషన్ మీద, భూమి మీద పెరిగిన దూరం అందరికీ తెలుసు. 1976 చట్టంతో తెలంగాణలో మేం జాబితాలోకి వచ్చాం. ఆ తర్వాత కొండ మీదికి వచ్చిన మా వాళ్ళలో కొందరు గోండు చేను పక్కనే చేను చేసుకున్నారు. ఆ నొప్పి నిజమైనదే. సినిమా పట్వారీని దాచిందని నేను అంటే, 'నువ్వేం దాస్తున్నావు?' అని ఒక గోండు మిత్రుడు అడగవచ్చు. అడగాలి. కాబట్టి భీం కథను గోండులు, కోలాములు రాసుకున్నప్పుడే అది పూర్తవుతుంది. నేను రాసేది నేను చూసిన వైపు మాత్రమే. మేం రాయవలసిన కథలు మావి మాకున్నాయి.

రాస్తున్నాం కూడా. మన నిజామాబాద్ జిల్లా తండా నుంచే వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆ పుస్తకం మా ఇంట్లో ఉంది. నేను చదివి వినిపిస్తుంటే యాడి మధ్యలో ఆపి, 'ఈ మాట మనం ఇట్లనం, ఇట్లంటం' అని దిద్దింది. సినిమా హాల్లో ప్రశ్న అడిగిన మనిషి, పుస్తకం ముందు దిద్దే మనిషైంది. తన సంగతే అని తోస్తేనే కదా ఎవరైనా దిద్దేది.

పోయిన ఏడాది మా అన్న బిడ్డ బడిలో వేషాల పోటీ పెట్టారు. గిరిజన వేషం వేయించి పంపమన్నారు. బజారులో దొరికేది ఆకుల లంగా, ఈకల కిరీటం, ప్లాస్టిక్ బల్లెం. అన్న కొననే కొన్నాడు. యాడి పెట్టె తెరిచి తన పెళ్ళినాటి ఫేట్యా, కాంచళి బయటపెట్టింది. బడిలో అది గిరిజన వేషంలా లేదన్నారు. పిల్లకు బహుమతి రాలేదు. ఆ టీచరమ్మ చెడ్డ మనిషి కాదు. ఆమె చూసిన సినిమాల్లో, చదివిన పాఠాల్లో మేం అట్లా లేం, అంతే. తెర మీది బొమ్మ అబద్ధమైతే ఏమవుతుందని అడిగేవాళ్ళకు ఇదే నా జవాబు. అసలు మనిషి ఎదురుగా నిలబడినా, వాడు వాడిలా లేడంటారు.

అందుకే ఈ పుస్తకం చదివే నా తోటి రచయితలకు ఒక మనవి. వీరుల మీద ఇంకో కావ్యం రాయడానికి ముందు, మీ గూడెంలో, తండాలో మిగిలిన ముసలివాళ్ళ దగ్గర కూర్చోండి. చౌకీదారుకు ఏం ముట్టజెప్పేవాళ్ళో అడగండి. ఏ చేను ఎవరి పేర ఉండేది, ఎట్లా పోయింది, ఏ ఏడు ఏం తిన్నారో అడగండి. దొర పేరు కంటే ముందు ఆ పట్వారీ చేసిన పని రాసుకోండి. 2022లో మన్యానికి అల్లూరి పేరుతో, 2016లో ఆసిఫాబాద్‌కు కొమురం భీం పేరుతో జిల్లాలు వచ్చాయి. పేర్లు వచ్చాయి, సంతోషం. ఆ పేర్ల కింద ఏ పంట పండేదో, ఎవరు కోసుకుపోయారో రాయవలసింది మనమే.

యాడికి నేను ఇంకా జవాబు బాకీ ఉన్నాను. జొన్న తినేవాళ్ళు యాడీ. కొర్రలు, సామలు తినేవాళ్ళు. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్ళు. వాళ్ళకు చేన్లున్నాయి. సినిమా తీసినవాళ్ళు అటు చూడలేదు.